చేయువాడును చేయించువాడును

ఒక చిన్న సంస్థను నడుపువాని దినచర్యను ఒకమారు పరిశీలింతము. అది సేవాసమితి కావచ్చును, భజనమందిరము కావచ్చును, గ్రంథాలయము కావచ్చును, నలువదిమంది పిల్లలకు అన్నము పెట్టి చదువు చెప్పించు వసతిగృహము కావచ్చును. తెల్లవారకమునుపే లేచి తలుపులు తీయువాడు అతడే. చందాల పుస్తకము వ్రాయువాడు అతడే. ఉత్సవమునకు పందిరి వేయించుటకును, ఉపన్యాసకుని స్టేషనునుండి తోడితెచ్చుటకును, వంటవానికి బియ్యము కొలిచి యిచ్చుటకును, రాత్రి దీపము లార్పుటకును అతడే. చూచువారు "ఎంతటి త్యాగము!" అందురు. లోలోపల అతడును అట్లే తలచును. ఐదారు సంవత్సరములు గడచును. దేహము క్షీణించును; జపధ్యానములు సడలును; మాటలో కాఠిన్యము ప్రవేశించును; "నాకు తోడు వచ్చువా రెవరును లేరు" అను ఫిర్యాదు నిత్యపారాయణ మగును. ఒకనాడు అతడు మంచము పట్టును. ఆనాడే సంస్థయు మంచము పట్టును.

ఇందు లోప మెక్కడ నున్నది? అతని శ్రద్ధయందు లేదు, శక్తియందును లేదు. సహాయము నర్థించుటయు, పనిని ఇతరుల కొప్పగించుటయు గూడ కర్మయోగమున భాగములే యని అతడు గ్రహింపకపోవుటయందున్నది. ఈ విషయమును శాస్త్రదృష్టితోను, మహాపురుషుల చరిత్రల యాధారముతోను, కొంత స్వానుభవముతోను విచారింతము.

1. నేనే చేయవలె నను భావము

పనిని ఇతరుల కొప్పగింపకుండుటకు మనము సాధారణముగా మూడు కారణములు చెప్పుచుందుము. "ఒకరికి చెప్పి చేయించుటకంటె నేను చేయుటయే సులభము" అనునది మొదటిది. "నావలె ఎవరును చేయలేరు" అనునది రెండవది. "వారిని శ్రమపెట్టుట నాకిష్టము లేదు" అనునది మూడవది.

మొదటిది ఆ పూటకు నిజము, సంవత్సరమునకు అబద్ధము. ఒక పనిని నేర్పుటకు నాలుగు దినములు పట్టును. నేర్పకున్నచో నాలుగేండ్లు మనమే చేయవలసివచ్చును. రెండవది ఒక్కొక్కప్పుడు నిజమే. కాని నేడు నిజమైన యీ మాట పదియేండ్ల తరువాతను నిజముగా నుండెనేని, మనము ఎవరికిని అవకాశ మీయలేదనుటకు అదియే సాక్ష్యము. మూడవది వినుటకు దయవలె తోచును. లోతుగా చూచినచో, ఇతరులకు ఋణపడుటకు ఒప్పుకొనని అభిమాన మందు దాగియుండును. ఇచ్చునప్పుడు చేయి పైన నుండును. అడుగునప్పుడు తల వంచవలసియుండును. సేవకుడనని చెప్పుకొనుచు తల వంచుట కిష్టపడనివాడు తన సేవను మరియొకమారు పరీక్షించుకొనవలెను.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు, ఏ కర్మము సిద్ధించుటకైనను ఐదు కారణములు గలవని బోధించెను. అవి అధిష్ఠానము, కర్త, వివిధములైన కరణములు, వేర్వేరు చేష్టలు, దైవము. ఇట్లుండగా కేవలము తన్నే కర్తగా తలచువాడు యథార్థమును చూడనివా డని వెంటనే హెచ్చరించెను. ఆ యుపదేశము ఆత్మ అకర్త యను తత్త్వమును బోధించుటకై చెప్పబడినదే కాని, సంస్థలను నడుపు నేర్పును చెప్పుటకై కాదు. ఐనను తత్త్వమున సత్యమైనది వ్యవహారమున అసత్యము కానేరదు. ఐదింటిలో ఒక్కటియైన కర్త, తానే ఐదునని భ్రమించిన క్షణమున అతని కర్మము యోగము కాక భార మగును.

2. అడుగుట

శ్రీరామచంద్రుడు సీతాదేవిని వెదకుచు ఋశ్యమూకమును చేరిన ఘట్టమును స్మరింతము. ఖరదూషణాదులను, పదునాలుగువేల రాక్షసులను ఒంటరిగా సంహరించిన వీరుడాయన. అట్టివాడు రాజ్యము గోలుపోయి కొండపై తలదాచుకొనుచున్న సుగ్రీవునితో అగ్నిసాక్షిగా సఖ్యము చేసికొనెను. నాకు నీ సహాయము కావలెనని చెప్పుటకు సంకోచింపలేదు. బలమున్నవాడు సహాయ మడిగినచో బలము తగ్గదని యీ కథ చెప్పుచున్నది. రాక్షసులను చంపుట ఒకని పని కావచ్చును. నాలుగు దిక్కులు వెదకుట ఒకని పని కాదు. ఏ పని ఒకనిది, ఏ పని పదిమందిది అను వివేకమే నాయకునకు మొదట కావలసినది.

సహాయము చేయగలవారు తమంతట తాము ముందుకు రాలేదని మనము నొచ్చుకొందుము. యుద్ధకాండమున నలుని వృత్తాంతము ఇందులకు సమాధానము. సైన్యమంతయు సముద్రతీరమున నిలిచి, దాటు నుపాయము తెలియక తపించుచుండెను. విశ్వకర్మ కుమారుడైన నలుడు ఆ సైన్యమునందే యుండెను. సేతువు నిర్మింపగల నేర్పు అతనికి పుట్టుకతో వచ్చినది. ఐనను అతడు నోరు విప్పలేదు. సముద్రుడు వచ్చి అతని పేరు చెప్పిన పిదపనే, తన్నెవరును అడుగలేదు గనుక తన గుణములను తాను చెప్పుకొనలేదని శ్రీరామునకు విన్నవించెను. అడిగిన పిదప ఐదు దినములలో నూరు యోజనముల సేతువు సిద్ధమైనది. మొదటి దినమున పదునాలుగు యోజనములు, రెండవ దినమున ఇరువది, పిదప ఇరువదియొకటి, ఇరువదిరెండు, ఇరువదిమూడు అని వాల్మీకి లెక్కచెప్పెను. దినదినమునకు పని పెరిగినదేకాని తరుగలేదు.

మన సంస్థలన్నిటియందును నలు లున్నారు. వారు ప్రతి ఆదివారమును వచ్చి వెనుక వరుసయందు కూర్చుండి వెడలిపోవుదురు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పియున్నారు గదా! ఇక, అడుగుట యనగా సభలో నిలిచి "అందరును సహకరింపవలెను" అని ప్రకటించుట కాదు. అందరిని అడిగినచో ఎవరినీ అడుగనట్లే. ఒక్కని యొద్దకు పోయి, ఒక్క పనిని పేర్కొని, అది ఎంత సేపు పట్టునో చెప్పి అడుగవలెను. "కాదు" అనుటకు అతనికి స్వేచ్ఛ నీయవలెను. కాదన్నవానిపై మనసున లెక్క పెట్టుకొనరాదు. అల్పమైన సహాయమును గూడ అల్పమని త్రోసివేయరాదు. ఇసుకరేణువులను రాల్చి సేతుబంధనమునకు తోడ్పడిన ఉడుత కథను తెలుగు రంగనాథరామాయణము మనకు అందించినది. ఉడుతాభక్తి యను మాట మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది.

3. ఒక తాళపుచెవి

ఇచ్చట నా దోషమొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రితము ఒక చిన్న ఆశ్రమకేంద్రమును నడుపు బాధ్యత నాపై నుండెను. పగలు ఆ పని, రాత్రి అనువాదము. విద్యార్థుల వసతిగృహము, హోమియోపతి వైద్యశాల, రెండువేల పుస్తకములు గల గ్రంథాలయము నా యధీనమున నుండెను. తాళపుచెవుల గుత్తి నా నడుమున వ్రేలాడుచుండెను. ఆ చప్పుడు వినిన పిల్లలు నేను వచ్చుచున్నానని తెలిసికొని నిశ్శబ్దమగుచుండిరి. అది నాపై గౌరవమని నేను తలచితిని.

డిగ్రీ ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచుచున్న యువకు డొకడు వచ్చి సేవ చేయుదు ననెను. గ్రంథాలయమును అతని కప్పగించితిని. అతడు పుస్తకముల నన్నిటిని దింపి, దుమ్ము దులిపి, విషయానుసారముగా క్రొత్తపట్టిక వ్రాయ నారంభించెను. నా పద్ధతి రచయితల పేర్లను బట్టి నుండెను. ఆరు వారములు నేనేమియు అనలేదు. కాని ప్రతిదినమును వెళ్లి నిలిచి చూచుచుంటిని. ఒకనాటి రాత్రి అతడు లేని సమయమున కూర్చుండి, అతడు వ్రాసిన పట్టికలో మూడు పుటలను నా పద్ధతిలో తిరుగవ్రాసితిని. మరునాడు అతడు దానిని చూచెను. ఒక్కమాటయు ననలేదు. సాయంకాలము తాళపుచెవిని నా బల్లపై నుంచి, నమస్కరించి వెడలిపోయెను. మరల రాలేదు. "ఈ కాలపు యువకులకు నిలుకడ లేదు" అని నేను తోటివారితో చెప్పితిని.

మరుసటి సంవత్సరము ఉత్సవమునకు తొమ్మిది దినములముందు నాకు టైఫాయిడు వచ్చినది. లేచి కూర్చుండుటకును శక్తి లేదు. రెండువేలమందికి అన్నప్రసాదము పెట్టవలసియున్నది. సరకు లెవరు తెచ్చెదరో, పాత్ర లెక్కడినుండి వచ్చునో, ఎవరికి ఎంత ఇచ్చితిమో నా తలలో దప్ప మరెక్కడను లేదు. అప్పుడు, ఆరేండ్లుగా సాయంకాలమున వచ్చి వరండాలో కూర్చుండి పోవుచున్న వృద్ధు డొకరు గదిలోనికి వచ్చిరి. ఆయన తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఆయన ఒక కాగితము, కలము తీసికొని నా మంచముప్రక్కన కూర్చుండి, రెండు గంటలు నన్ను ప్రశ్నించి అంతయు వ్రాసికొనిరి. ఉత్సవము జరిగినది. పప్పులో ఉప్పు కొంచెము ఎక్కువైనదట. నేను నడపిన యేండ్లలోను అట్టివి జరిగియున్నవి. కోలుకొన్న పిదప నేనాయనతో, "ఇంతటి నేర్పు తమయందున్నదని నాకు తెలియదు" అంటిని. ఆయన నవ్వి, "మీ రెన్నడును అడుగలేదు గదా, స్వామీ!" అనిరి.

మంచముపై పడియున్న ఆ దినములలోనే ఆ యువకుడు బల్లపై నుంచిన తాళపుచెవి నాకు మరల మరల గుర్తువచ్చినది. నేనతనికి పని నిచ్చితినేకాని, దానిపై అధికారము నీయలేదు. ఇచ్చిన చేయి వదలలేదు.

4. ఒప్పగించు విధము

సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపిన ఘట్టము కిష్కింధాకాండమున విస్తారముగా నున్నది. తూర్పునకు వినతుని, దక్షిణమునకు అంగదుని నాయకత్వమున హనుమదాదులను, పడమరకు సుషేణుని, ఉత్తరమునకు శతబలిని నియమించెను. ఒక్కొక్కరికిని ఆయా దిక్కునందున్న పర్వతములను, నదులను, దేశములను వర్ణించి చెప్పెను. ఏమి వెదకవలెనో చెప్పెను. ఎంతకాలమున తిరిగిరావలెనో చెప్పెను. ఒక మాసము గడువు. ఎవనియందు ఎక్కువ నమ్మక ముండెనో వానితో ప్రత్యేకముగా మాటలాడెను. అది గమనించిన శ్రీరాముడు తన పేరు చెక్కబడిన ఉంగరమును హనుమంతున కిచ్చెను. పిదప ఇరువురును వెనుకనే నిలిచిరి. ఎవనివెంటను పోలేదు.

ఒప్పగించుటకు కావలసిన అంగము లన్నియు ఇందు గలవు. మొదటిది, పని యేదో స్పష్టముగా చెప్పుట. "గ్రంథాలయము చూచుకొనుము" అనుట స్పష్టత కాదు. "ప్రతి సాయంకాలము ఐదు మొదలు ఏడువరకు తెరచియుంచవలెను, తీసికొన్న పుస్తకము పదునైదు దినములలో తిరిగివచ్చునట్లు చూడవలెను, సంవత్సరాంతమున లెక్క సరిచూడవలెను" అనుట స్పష్టత. రెండవది, మనకు తెలిసిన దారిని చెప్పుట. మూడవది, గడువు. నాలుగవది, సాధనము, అనగా అవసరమైన ధనము, వస్తువులు, తోడు మనుష్యులు. ఐదవది, ఉంగరము. హనుమంతుడు శ్రీరాముని దూత యని సీతాదేవికి నమ్మకము కలిగించినది అదియే. నీవు నియమించినవానికి నీవు అధికార మిచ్చితివని నలుగురికిని తెలియవలెను. లేనిచో ప్రతివాడును అతనిని దాటి నీయొద్దకే వచ్చును. వచ్చినవానికి నీవు తీర్పు చెప్పితివా, ఇచ్చిన ఉంగరమును తిరిగి లాగుకొన్నట్లే. "ఆ విషయము అతని నడుగుడు" అను ఒక్కమాట చెప్పుట నాయకునకు మిక్కిలి కష్టము, మిక్కిలి అవసరమును.

ఆ ఘట్టమునందే ఒక దోషమును గలదు. వాల్మీకి దానిని దాచలేదు. మాసము దాటి నిలిచినవానికి మరణదండన తప్పదని సుగ్రీవుడు భయపెట్టెను. దాని ఫలితమేమి? దక్షిణమునకు పోయినవారు గడువు దాటినంతనే పనిని మరచి ప్రాణభీతులైరి. తిరిగిపోక గుహలో దాగియుండుద మని కొందరనిరి. చివరకు అందరును సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. సీతాదేవి యున్న లంక ఆ నీటికి ఆవలనే యున్నది. దైవవశమున సంపాతి రాకున్నచో భయము కార్యమును అక్కడనే ముగించియుండెడిది. గడువు పెట్టుట మంచిది. గడువు దాటినవాడు వచ్చి "ఆలస్యమైనది" అని చెప్పుటకు భయపడునట్లు చేయుట మంచిది కాదు. కష్టమున నున్న కార్యకర్త మొదట నీయొద్దకు వచ్చునా, నీనుండి దాగునా? దీనిని బట్టి నీ నాయకత్వమును నీవే తెలిసికొనవచ్చును.

5. నాయకుడు దుముకరాదు

ఆ సముద్రతీరమునందే మరియొక పాఠము గలదు. నూరు యోజనముల సముద్రమును ఎవరు లంఘింపగలరను ప్రశ్న వచ్చినది. పది యోజనములు మొదలుకొని ఒక్కొక్కడును తన శక్తిని చెప్పెను. వృద్ధుడైన జాంబవంతుడు తొంబది యనెను. అంగదుడు నూరు యోజనములు పోగలను, తిరిగివచ్చుట సందేహ మనెను. పోవుటకు సిద్ధపడెను గూడ. జాంబవంతు డొప్పుకొనలేదు. నీవు మాకు నాయకుడవు. పంపవలసినవాడవే కాని పోవలసినవాడవు కావు. కార్యమునకు మూలమైన నిన్ను కాపాడుకొనుట మా ధర్మ మని చెప్పెను. పిదప, మాటలాడక ఒకవైపు కూర్చుండియున్న హనుమంతుని సమీపించి, అతని శక్తిని అతనికి గుర్తుచేసెను.

శక్తిగలవాడు నాయకుడైనచో ప్రతి సముద్రమును తానే దూకవలెనని అతనికి తోచును. అది ధైర్యమే. కాని వెనుక మిగిలినవారి గతి యేమి? అంగదుని ధైర్యముకంటె జాంబవంతుని దృష్టి ఆనాడు ఎక్కువ ఉపకరించినది. మౌనముగా కూర్చున్నవానిని లేపుట నాయకుని పనులలో ముఖ్యమైనది.

ఇతరమతగ్రంథములును ఈ విషయమునే చెప్పుచున్నవి. బైబిలు పూర్వభాగమున నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయమున మోషే కథ గలదు. ఉదయము మొదలు సాయంకాలమువరకు ప్రజల వివాదములన్నియు మోషే యొక్కడే కూర్చుండి తీర్చుచుండెను. చూడవచ్చిన అతని మామ యిత్రో, నీవు చేయుచున్నది మంచిది కాదని స్పష్టముగా చెప్పెను. నీవును నలిగిపోదువు, ఈ ప్రజలును నలిగిపోవుదురని హెచ్చరించెను. దైవభీతియు సత్యనిష్ఠయు గలిగి, లంచమును ద్వేషించువారిని ఎన్నుకొని, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను నియమింపుమనెను. చిన్న వివాదములు వారే తీర్చవలెను. పెద్దవి మాత్రమే మోషే యొద్దకు రావలెను. ఒక్కడే పని చేయునప్పుడు నలిగిపోవువాడు అతడొక్కడే కాదనుట ఇందు గమనింపదగినది. దినమంతయు వరుసలో నిలిచిన ప్రజలును నలిగిపోయిరి.

6. స్వామి వివేకానందుని పద్ధతి

సమీపచరిత్రలో దీనికి చక్కని ఉదాహరణము స్వామి వివేకానందుని జీవితము. ఆయన 1893లో చికాగో సభకు పోవుటకు మదరాసున అళసింగ పెరుమాళ్ మొదలగు యువకులు ఇంటింటికి తిరిగి ధనము కూర్చిరి. ఆయన దానిని స్వీకరించెను. అమెరికానుండి ఆ యువకులకే వ్రాసి పని ఒప్పగించెను. 1895లో మదరాసున "బ్రహ్మవాదిన్" పత్రిక వెలువడినది. ఆ యుత్తరములలో ప్రోత్సాహమున్నది, మందలింపున్నది, తొందరయు నున్నది. కాని సంపాదకత్వము మదరాసువారిదే.

1896లో ఆయన లండనునందుండగా స్వామి అభేదానందుని భారతదేశమునుండి రప్పించెను. ఆంగ్లేయసభలో మాటలాడిన అనుభవము ఆ గురుభ్రాతకు లేదు. స్వామీజీ తానే పోయి మాటలాడియుండవచ్చును. జనులు కోరినదియు ఆయననే. ఐనను అక్టోబరు 27వ తేదీన ఒక సభయందు అభేదానందునిచే మాటలాడించి తాను ప్రక్కన కూర్చుండి వినెను. ఉపన్యాసము జయప్రదమైనప్పుడు స్వామీజీ పొందిన ఆనందమును శ్రోతలలో ఒకరు వ్రాసియుంచిరి. డిసెంబరులో లండను పనిని ఆయన కప్పగించి తాను స్వదేశమునకు బయలుదేరెను.

1897లో మదరాసు భక్తులు ఒక సన్న్యాసిని పంపుమని కోరగా, గురుదేవుల పూజను ఏండ్లతరబడి విడువక మఠమునందే యుండిన స్వామి రామకృష్ణానందుని పంపెను. ఆయనయు మరుమాట లేక బయలుదేరి 1911లో దేహము చాలించువరకు దక్షిణదేశసేవయందే గడిపెను. 1897 మే 1వ తేదీన కలకత్తాలో బలరామబసుగారి యింట సంఘము స్థాపింపబడినది. ఆ నెలయందే ముర్షిదాబాదు జిల్లాలో క్షామమును చూచి చలించిన స్వామి అఖండానందుడు అన్నదానమునకు పూనుకొనెను. స్వామీజీ అప్పుడు అల్మోరాలో నుండెను. తాను పరుగెత్తి పోలేదు; ఇట్లు చేయుమని ఆజ్ఞాపత్రములతో ముంచివేయలేదు; ఉత్తరములద్వారా ఉత్సాహము నిచ్చెను. పని అఖండానందునిదిగనే నిలిచినది.

ఒక్కనిపై ఆధారపడిన పని యెంత దుర్బలమో తెలుపు సంఘటనయు ఆ కాలమునందే జరిగినది. 1896 జులైలో మదరాసున ఆరంభమైన "ప్రబుద్ధభారత"కు సంపాదకుడు రాజమయ్యరు. ప్రతిభాశాలి. ఇరువదియారేండ్ల వయసున 1898 మే నెలలో ఆయన మరణించెను; పత్రిక ఆగిపోయినది. స్వామీజీ దానిని ఆ యేడు ఆగష్టునుండి అల్మోరాలో పునరుద్ధరింపజేసెను. సంపాదకత్వమును స్వామి స్వరూపానందునకు, నిర్వహణమును సేవియరు దంపతుల కప్పగించెను. రచన ఒకరిది, నిర్వహణము మరియొకరిది. మరుసటి సంవత్సరము అది మాయావతికి మారినది, నేటికిని వెలువడుచున్నది.

1901 జనవరిలో స్వామీజీ బేలూరుమఠమును ధర్మకర్తల కప్పగించుచు పత్రము వ్రాసెను. ఫిబ్రవరిలో స్వామి బ్రహ్మానందుడు అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. 1902 జులై 4వ తేదీన స్వామీజీ దేహత్యాగము చేసెను. అప్పటి కాయన వయస్సు ముప్పదితొమ్మిది. చివరి క్షణమువరకు అధికారము తనయందే నిలుపుకొనియుండినచో ఏమి జరిగెడిదో యోచింపుడు. ఒప్పగించుట ఆయన కన్నుమూయకమునుపే పూర్తియైనది గనుక, బ్రహ్మానందుడు 1922వరకు అధ్యక్షుడుగను, శారదానందుడు 1927వరకు కార్యదర్శిగను ఆ భారమును వహింపగలిగిరి.

7. మధువనము

ఒప్పగించిన పని మనము చేసినట్లు జరుగదు, తప్పులు జరుగును. అప్పుడేమి చేయవలెను? సీతను చూచి తిరిగివచ్చుచున్న వానరులు సంతోషము పట్టజాలక సుగ్రీవుని మధువనమున ప్రవేశించి తేనె త్రాగి, చెట్లు విరిచి, కావలియైన దధిముఖుని కొట్టిరి. అతడు సుగ్రీవుని మేనమామ. పరుగెత్తివచ్చి ఫిర్యాదు చేసెను. సుగ్రీవుడు కోపింపలేదు. కార్యము సాధింపక వీరు ఇంతటి సాహసము చేయరు, కావున సీతను చూచియుందురని ఊహించి, వారిని వెంటనే రప్పించెను. మాసము దాటినవానికి మరణమని పలికిన నోటితోనే క్షమించెను. ముఖ్యకార్యము నెరవేరినదా యని మొదట చూచి, విరిగిన కొమ్మలను తరువాత లెక్కించుట ఆతని వివేకము.

ఐతే కొన్నిటియందు ఉపేక్ష పనికిరాదు. ధనవిషయమున నమ్మకము చాలదు, లెక్క కావలెను. బ్యాంకు కాగితములపై ఇరువురి సంతకము లుండుట, నెలకొకమారు లెక్కను అందరియెదుట చదువుట అవిశ్వాసము కాదు. అది కార్యకర్తను అపనిందనుండి కాపాడు కవచము. పిల్లల క్షేమము, రోగుల మందులు గూడ ఇట్టివే. ఇట్టివాటియందు నియమము ముందే చెప్పవలెను. మిగిలినవాటియందు వారమున కొకమారు కూర్చుండి వినుట చాలును. దినమునకు పదిమారులు ఫోను చేసి "ఎంతవరకు వచ్చినది?" అని అడుగుట, రాత్రివేళ మూడు పుటలు తిరిగి వ్రాయుటకంటె భిన్నము కాదు.

పని ముగిసినపుడు కృతజ్ఞత చెప్పుట మరువరాదు. సీతావృత్తాంతము తెచ్చిన హనుమంతునకు తగిన బహుమానము నీయలేకపోతినని శ్రీరాముడు చింతించి, తనవద్ద నున్నది ఇదియే యని ఆలింగనము చేసికొనెను. చిన్న సంస్థలకు ఇచ్చుటకు ధనముండదు. పేరు చెప్పి, చేసిన పనిని చెప్పి, పదిమందియెదుట కృతజ్ఞత తెలుపుటకు ధనముతో పని లేదు.

8. ఒప్పగింపరానివి

కొన్నిటిని నాయకుడు ఇతరులకు ఒప్పగింపరాదు. సంస్థయొక్క ఆదర్శమును గుర్తుచేయుట అతని పని. నొచ్చుకొన్నవానిని ఓదార్చుట అతని పని. ఎవరు తప్పుచేసినను లోకముఎదుట "తప్పు మాది" అని నిలుచుట అతని పని. తన జపధ్యానములు తానే చేసికొనవలెను. పనులను పంచగా మిగిలిన సమయమును క్రొత్తపనులతో నింపక వీటికి వినియోగించినచో ఒప్పగించుట సార్థక మగును.

ఈ వారము ఒక చిన్న సాధన చేయుడు. మీరు చేయుచున్న పనుల నన్నిటిని ఒక కాగితముపై వ్రాయుడు. రేపు మీరు మంచము పట్టినచో వీటిలో ఏవి ఆగిపోవునో వాటికి గుర్తు పెట్టుడు. వాటిలో ఒక్కదానిని ఎన్నుకొనుడు. వెనుక వరుసయందు కూర్చున్నవారిలో ఒక్కరి పేరు దానిప్రక్కన వ్రాసి, ఆదివారము వారియొద్దకు పోయి అడుగుడు. అడుగునప్పుడు కొంచెము సిగ్గు కలుగును. ఆ సిగ్గును భగవంతునకు పుష్పముగా సమర్పింపుడు.

టైఫాయిడునుండి లేచిన పిదప నేనా యువకునకు ఉత్తరము వ్రాసితిని. అతడు నిలుకడ లేనివాడని తోటివారితో చెప్పిన మాటను గూడ వ్రాసి క్షమాపణ కోరితిని. రెండు నెలలకు జవాబు వచ్చినది. తన గ్రామమున ఒక చిన్న గ్రంథాలయమును నడుపుచున్నాననియు, పుస్తకములు విషయానుసారముగనే అమర్చితిననియు, ఇరువురు విద్యార్థులు తనకు తోడ్పడుచున్నారనియు వ్రాసెను. చివర ఒక వాక్యము చేర్చెను: గ్రంథాలయపు తాళమునకు తాను మూడు చెవులు చేయించెనట.